రౌటర్ స్పీడ్ సరే... బయట నుంచి ఇంటికి దారి ఉందా?

రౌటర్ బాక్స్ మీద ఏం రాసి ఉంటుందో మనందరికీ తెలుసు. వైఫై 6, ఏఎక్స్3000, నాలుగు యాంటెన్నాలు, గేమింగ్ మోడ్. అన్‌బాక్సింగ్ వీడియోల్లోనూ అదే వరస. హాల్లో ఎంత స్పీడ్, బెడ్‌రూమ్‌లో ఎంత, రెండు గోడల అవతల ఎంత. ఇవన్నీ ఇంట్లో కూర్చున్నవాళ్ల లెక్కలు. ఇంటికి దూరంగా ఉన్నవాళ్లకి కావాల్సిన లెక్క ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పెద్ద అక్షరాల్లో వేయరు. ఆ రౌటర్‌లోకి బయట నుంచి, మనం మాత్రమే, సేఫ్‌గా రాగలమా?

అచ్యుతాపురం లాంటి ఊరికి ఈ ప్రశ్న చాలా అవసరం. విశాఖకి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో సెజ్, బ్రాండిక్స్ గార్మెంట్ ఫ్యాక్టరీలు, ఫార్మా కంపెనీలు. పనికోసం బయట నుంచి ఇక్కడికొచ్చి అద్దె గదుల్లో ఉంటున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. ఇక్కడి పిల్లలేమో చదువు అవ్వగానే హైదరాబాద్, బెంగళూరు బస్సెక్కుతున్నారు. అంటే రెండు వైపులా మనుషులు ఒక చోట, ఇల్లు ఇంకో చోట. ఇంట్లో అమ్మానాన్న, గుమ్మం మీద ఒక కెమెరా, మూలనున్న పాత పీసీలో పదేళ్ల ఫొటోలు. ఏదైనా ఆగిపోతే ఫోన్‌లో సంభాషణ ఇలా ఉంటుంది:

"నాన్నా, ఆ డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతుందా?"

"ఏ డబ్బారా? టీవీ దగ్గరదా, తలుపు మీదదా?"

"తలుపు మీదది నాన్నా. తెల్లది."

"దానికి నాలుగు లైట్లున్నాయి. ఒకటి మిణుకుమిణుకుమంటోంది."

దీని తర్వాత మిగిలేది ఒకటే సలహా: ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి. అంతకుమించి మన చేతిలో ఏమీ లేదు. ఎందుకంటే మన ఇంటి రౌటర్‌లోకి మనమే వెళ్లలేం.

ఇదే ప్రాంతానికి ఇప్పుడు ప్రపంచం డేటా రాబోతోంది. విశాఖలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని 2025 అక్టోబర్ 14న గూగుల్ ప్రకటించింది. అదానీకనెక్స్, ఎయిర్‌టెల్ పార్ట్‌నర్లు. సముద్రం అడుగున వచ్చే కేబుల్స్‌కి విశాఖలో ల్యాండింగ్ కూడా ఆ ప్లాన్‌లో ఉంది. డేటా సెంటర్ క్యాంపస్‌లకి ప్రతిపాదించిన చోట్లలో ఒకటి అచ్యుతాపురం పక్కనున్న రాంబిల్లి. చాలా మంచిది, రావాలి. కానీ కాలిఫోర్నియా నుంచి రాంబిల్లికి వెలుగు వేగంతో డేటా వచ్చే రోజుల్లో, హైదరాబాద్‌లో ఉన్న కొడుకు అచ్యుతాపురంలో తన ఇంటి రౌటర్‌ని తాకలేకపోతే అది టెక్నాలజీ లోపం కాదు. మనం అడగకపోవడం వల్ల, వాళ్లు ఇవ్వకపోవడం వల్ల వచ్చిన లోపం.

నా మాట సూటిగా చెప్పేస్తా. బయట నుంచి కనెక్షన్ తీసుకోగలగడం అనేది రౌటర్‌కి ఎక్స్‌ట్రా ఫీచర్ కాదు, బేసిక్ ఫీచర్. వీపీఎన్ సర్వర్ లేని రౌటర్‌కి, ఇన్‌కమింగ్ కనెక్షన్‌కి ఏ దారీ ఇవ్వని నెట్ ప్లాన్‌కి రివ్యూల్లో మార్కులు తగ్గించాలి.

ఒకప్పుడు ఇది మామూలు విషయం

"డయల్-ఇన్" అనే మాట ఇప్పుడు వింటే మ్యూజియం వస్తువులా ఉంటుంది. మన దేశంలో జనానికి ఇంటర్నెట్ మొదలైంది 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. అప్పుడు ఇంట్లో కంప్యూటర్‌కి మోడెమ్ తగిలించి, ల్యాండ్‌లైన్ మీద ఒక నంబర్‌కి ఫోన్ చేస్తే, అటువైపు సర్వర్ ఎత్తేది. కీచుమని ఒక సౌండ్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, కనెక్టెడ్. ఫోన్ ఎవరైనా ఎత్తితే నెట్ కట్.

ఇది ఒక్క ఇంటర్నెట్ కంపెనీలే కాదు, పెద్ద ఆఫీసులూ ఫ్యాక్టరీలూ కూడా వాడేవి. ఆఫీసు రౌటర్‌కి మోడెమ్ కట్టి ఉంచేవారు. టూర్‌లో ఉన్న ఉద్యోగి హోటల్ గది నుంచి ఆ నంబర్‌కి డయల్ చేస్తే, రౌటర్ ఎత్తి, పేరు, పాస్‌వర్డ్ సరిచూసుకుని, ఆఫీసు నెట్‌వర్క్‌లో ఒక ఐపీ అడ్రస్ ఇచ్చేది. ఆ క్షణం నుంచి ఆ ల్యాప్‌టాప్ ఆఫీసు బల్ల మీద ఉన్నట్టే.

ఆ పాత సెటప్‌లో మూడు మంచి లక్షణాలు ఉన్నాయి. ఒకటి, రౌటర్‌కి ఒక నంబర్ ఉండేది. ఎక్కడ నుంచైనా పిలవొచ్చు. రెండు, తాళం ఉండేది. కొన్ని చోట్ల అయితే "కాల్‌బ్యాక్" అని ఇంకో జాగ్రత్త కూడా. మీరు డయల్ చేస్తే రౌటర్ మీ పేరు విని, ఫోన్ పెట్టేసి, ముందే రాసిపెట్టుకున్న మీ నంబర్‌కి తనే తిరిగి చేసేది. పాస్‌వర్డ్ దొంగిలించినవాడు వేరే ఊరు నుంచి చేస్తే ఆ తిరుగు కాల్ వాడికి వెళ్లదు. మూడు, ఎవరు ఎప్పుడు వచ్చారో లాగ్ ఉండేది.

నంబర్, తాళం, లాగ్. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. ఈ రోజు ఇంటి రౌటర్‌కి కావాల్సింది కూడా ఈ మూడే. టెలిఫోన్ వైరు స్థానంలో ఇంటర్నెట్ వచ్చింది, మోడెమ్ స్థానంలో వీపీఎన్ వచ్చింది, అంతే తేడా.

256 కేబీపీఎస్‌కి ఉన్నది, 100 ఎంబీపీఎస్‌కి లేదు

2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైంది. 256 కేబీపీఎస్ అంటే అప్పట్లో గొప్ప. అలాంటి పాత బ్రాడ్‌బ్యాండ్ లైన్లలో మామూలుగా ఇంటి మోడెమ్‌కి నేరుగా ఒక పబ్లిక్ ఐపీ అడ్రస్ వచ్చేది. రోజూ మారిపోయినా సరే, అది మీదే. ఆ అడ్రస్ తెలిస్తే ప్రపంచంలో ఎక్కడ నుంచైనా మీ తలుపు తట్టొచ్చు.

ఇప్పుడు 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. తలుపు మాత్రం పోయింది. కారణం పేరు సీజీనాట్.

కథ సింపుల్. పాత ఐపీవీ4 అడ్రస్ 32 బిట్ల సంఖ్య. మొత్తం కలిపితే దాదాపు 429 కోట్ల అడ్రస్‌లు. మన ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి వాటిని పంచే ఏపీనిక్ సంస్థ 2011 ఏప్రిల్ 15న తన చివరి బ్లాక్‌కి చేరి రేషన్ పెట్టింది. ఆ తర్వాత కస్టమర్లు కోట్లలో పెరిగారు, అడ్రస్‌లు పెరగలేదు. దాంతో నెట్ కంపెనీలు ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక వందల ఇళ్లని పెట్టడం మొదలుపెట్టాయి. దీనికోసమే 2012లో 100.64 నుంచి 100.127 వరకు మొదలయ్యే అడ్రస్‌లని ప్రత్యేకంగా పక్కన పెట్టారు.

పెద్ద అపార్ట్‌మెంట్‌కి ఒకటే డోర్ నంబర్, గేటు దగ్గర ఒకటే వాచ్‌మన్ అనుకోండి. మీరు లోపల నుంచి పిజ్జా ఆర్డర్ చేస్తే, డెలివరీ బాయ్ రాగానే "ఆ, 304 వాళ్లు చెప్పారు" అని పంపేస్తాడు. కానీ మీ చుట్టం చెప్పాపెట్టకుండా వచ్చి గేటు దగ్గర నిలబడితే, ఏ ఫ్లాట్‌కి పంపాలో వాచ్‌మన్‌కి తెలీదు. వెనక్కి పంపేస్తాడు. యూట్యూబ్, వాట్సాప్, గేమ్స్ అన్నీ మీరు లోపల నుంచి అడిగినవి కాబట్టి పనిచేస్తాయి. మీ ఇంటికి మీరే బయట నుంచి రావడం మాత్రం "చెప్పని చుట్టం" కేసు.

మీరు సీజీనాట్ వెనక ఉన్నారో లేదో తెలుసుకోడానికి రెండు నిమిషాలు చాలు. రౌటర్ పేజీలో "వ్యాన్ ఐపీ" అని ఉన్న నంబర్ చూడండి. తర్వాత బ్రౌజర్‌లో "నా ఐపీ ఏంటి" అని చూపించే ఏదైనా సైట్ తెరిచి, అక్కడి ఐపీవీ4 నంబర్ చూడండి. రెండూ ఒకటే అయితే మీకు పబ్లిక్ ఐపీ ఉన్నట్టే. వేర్వేరుగా ఉండి, రౌటర్‌లోది 100.64–100.127 మధ్యలో గానీ 10తో గానీ మొదలైతే మీరు అపార్ట్‌మెంట్‌లో ఉన్నట్టు. 192.168తో మొదలైతే ముందు ఇంట్లోనే చూడండి. కంపెనీ ఇచ్చిన ఫైబర్ డబ్బా ఒకటి, మీరు కొన్న రౌటర్ ఒకటి, రెండూ నాట్ చేస్తుండొచ్చు. అప్పుడు ఫైబర్ డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని ఆపరేటర్‌ని అడగాలి.

మంచి దారి లేకపోతే జనం దొడ్డిదారి వెతుక్కుంటారు

దారి మూసేస్తే అవసరం ఆగిపోదు కదా. షాపు ఓనర్‌కి రాత్రి కెమెరా చూడాలి. హాస్టల్‌లో ఉన్న అమ్మాయికి ఇంట్లో పీసీలోని ఫైల్ కావాలి. అప్పుడు జరిగేవి మూడు.

మొదటిది పోర్ట్ ఫార్వార్డింగ్. పబ్లిక్ ఐపీ ఉన్న చోట, కెమెరా రికార్డర్ పెట్టడానికి వచ్చినతను రౌటర్‌లో పోర్ట్ తెరిచి, పాస్‌వర్డ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే ఉంచేసి వెళ్లిపోతాడు. ఇంటర్నెట్ మొత్తాన్ని రాత్రీపగలూ స్కాన్ చేసే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. తెరిచిన తలుపు వాటికి దొరకడానికి ఎక్కువ టైమ్ పట్టదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ చేసింది ఇదే. కెమెరాలు, రౌటర్లలో ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు ఒక్కొక్కటే ప్రయత్నించి లక్షల పరికరాలని తన సైన్యంగా మార్చుకుంది. అక్టోబర్ 21న డిన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీ మీద దాడి జరిగితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. మన దగ్గరకి వస్తే, 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీటీవీ వీడియోలు బయటికి వచ్చి అమ్మకానికి పెట్టిన కేసు తెలిసిందే. చికిత్స కోసం వెళ్లిన ఆడవాళ్ల వీడియోలు అవి. ఇంతకన్నా పెద్ద నష్టం ఏముంటుంది?

రెండోది క్లౌడ్ యాప్. కెమెరా కంపెనీ సర్వర్‌కి వీడియో వెళ్తుంది, మీరు అక్కడ నుంచి చూస్తారు. చాలా ఈజీ, ఒప్పుకుంటా. కానీ మీ ఇంటి గుమ్మానికి తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉన్నట్టు. 2024 ఫిబ్రవరిలో వైజ్ అనే అమెరికన్ కెమెరా కంపెనీలో సర్వీస్ ఆగిపోయి తిరిగి మొదలైనప్పుడు, దాదాపు 13 వేల మందికి వేరేవాళ్ల కెమెరాల థంబ్‌నెయిల్స్ కనిపించాయి. ఎవరూ హ్యాక్ చేయలేదు. కంపెనీ వైపు జరిగిన గందరగోళం అంతే.

మూడోది, నాన్న కంప్యూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ యాప్ వేసి, ఎప్పుడూ ఆన్‌లో ఉంచేయడం. బ్యాంక్ పేరు చెప్పి ఫోన్ చేసే మోసగాళ్లు అడిగేది కూడా సరిగ్గా ఆ యాప్‌లనే. ఇంట్లో పెద్దవాళ్లకి "ఆ యాప్ తెరిచి నంబర్ చెప్పు నాన్నా" అని మనమే అలవాటు చేస్తే, రేపు ఇంకొకడు అడిగినా చెప్పేస్తారు.

ఈ మూడింటికీ కారణం ఒకటే. రౌటర్ దగ్గర ఒక మంచి తలుపు లేదు.

మంచి తలుపు అంటే ఏంటి?

వీపీఎన్ అనగానే చాలామందికి యూట్యూబ్‌లో యాడ్ వచ్చే యాప్ గుర్తొస్తుంది. ఇది అది కాదు. ఆ యాప్‌లో మీరు ఎవరి సర్వర్‌కో వెళ్తారు. ఇక్కడ సర్వర్ మీ ఇంటి రౌటరే. మీ ఫోన్ దానికి "డయల్" చేస్తుంది. కనెక్ట్ అయ్యాక మీ ఫోన్ ఇంటి వైఫైలో ఉన్నట్టే. కెమెరా, పీసీ, ప్రింటర్, రౌటర్ పేజీ అన్నీ కనిపిస్తాయి. బయట ప్రపంచానికి మాత్రం కెమెరా పోర్ట్ తెరవలేదు, పీసీ పోర్ట్ తెరవలేదు.

కొనేముందు బాక్స్ మీద మాటలు జాగ్రత్తగా చదవండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. "వీపీఎన్ పాస్‌త్రూ" అంటే మీ ల్యాప్‌టాప్ చేసే వీపీఎన్‌ని రౌటర్ అడ్డుకోదు అని మాత్రమే. "వీపీఎన్ క్లయింట్" అంటే రౌటర్ బయట ఇంకో సర్వర్‌కి వెళ్తుంది అని. మనకి కావాల్సింది "వీపీఎన్ సర్వర్". ఏసస్, టీపీ-లింక్ మోడల్స్ కొన్నింటిలో ఇది ఉంటుంది, అన్నింటిలో కాదు. మైక్రోటిక్‌లో రౌటర్‌ఓఎస్ 7 నుంచి వైర్‌గార్డ్ ఉంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేయగలిగే పాత రౌటర్ అయినా పర్లేదు.

సర్వర్ ఉంది అన్నంత మాత్రాన సరిపోదు, ఏ రకమో చూడాలి. మెనూలో పీపీటీపీ ఒక్కటే కనిపిస్తే ముట్టుకోవద్దు. 1990ల నాటి ఆ పద్ధతిలో లాగిన్‌కి వాడే తాళాన్ని ఒక రోజులోపే పగలగొట్టొచ్చని 2012లోనే చేసి చూపించారు. 2001లో వచ్చిన ఓపెన్‌వీపీఎన్ ఇప్పటికీ నమ్మకమైనదే, కాకపోతే చవక రౌటర్ ప్రాసెసర్ మీద నెమ్మది. వైర్‌గార్డ్ అయితే బెస్ట్. 2020 మార్చిలో వచ్చిన లినక్స్ 5.6 కెర్నల్‌లోనే దాన్ని కలిపేశారు. దాంట్లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉండవు. ఒక్కో పరికరానికి ఒక జత తాళంచెవులు. సరైన తాళంచెవి లేనివాడు తలుపు తడితే అది జవాబే ఇవ్వదు. స్కాన్ చేసేవాడికి అక్కడ తలుపు ఉన్నట్టే తెలీదు.

సెట్ చేసేటప్పుడు చూసుకోవాల్సినవి:

మొదట ఇంటి నెట్‌వర్క్ నంబర్ మార్చండి. చాలా రౌటర్లు 192.168.0 లేదా 192.168.1తో వస్తాయి. మీ హాస్టల్ వైఫై కూడా అదే నంబర్ అయితే, 192.168.1.10 అనేది ఇంట్లో కెమెరానా, హాస్టల్ ప్రింటరా అని ఫోన్‌కి తెలీదు. కనెక్ట్ అయినట్టు చూపిస్తుంది, ఏదీ తెరుచుకోదు. ఇంటిదాన్ని 192.168.73 లాంటి ఎవరూ వాడని నంబర్‌కి మార్చేస్తే ఈ తలనొప్పి ఉండదు.

రెండు, డీడీఎన్‌ఎస్ ఆన్ చేయండి. ఐపీ మారినా పేరు మారదు. ఇది మన పాత "టెలిఫోన్ నంబర్".

మూడు, ఫోన్‌కి ఒకటి, ల్యాప్‌టాప్‌కి ఒకటి, చెల్లికి ఒకటి అని వేర్వేరు తాళంచెవులు ఇవ్వండి. ఫోన్ పోతే ఆ ఒక్కదాన్నే తీసేయొచ్చు. అందరికీ ఒకటే ఇస్తే అందరిదీ మార్చాలి.

నాలుగు, ఇంటి నెట్‌వర్క్‌కి వెళ్లే ట్రాఫిక్ మాత్రమే టనెల్‌లో పంపండి. మొత్తం పంపితే మీరు బెంగళూరులో చూసే సినిమా కూడా అచ్యుతాపురం చుట్టి వస్తుంది. అప్పుడు ఇంటి అప్‌లోడ్ స్పీడ్ ఎంతో మీ స్పీడ్ అంతే.

ఐదు, రౌటర్ అడ్మిన్ పేజీని నేరుగా ఇంటర్నెట్‌కి చూపించే "రిమోట్ మేనేజ్‌మెంట్" ఆఫ్‌లో ఉంచండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. అడ్మిన్ పేజీకి వీపీఎన్ లోపల నుంచే వెళ్లాలి.

ఆరు, కరెంటు. వీపీఎన్ ఎంత గొప్పదైనా కరెంటు పోతే రౌటర్ నల్ల డబ్బానే. 12 వోల్టుల చిన్న రౌటర్ యూపీఎస్ ఒకటి పెడితే, ఎండాకాలం కోతల్లో, తుఫాను రోజుల్లో ఇల్లు కనిపిస్తూ ఉంటుంది. రౌటర్‌కీ ఫైబర్ డబ్బాకీ రెండింటికీ బ్యాకప్ ఉండాలి, ఒకదానికి సరిపోదు.

సీజీనాట్ వెనక ఉన్నవాళ్ల సంగతేంటి?

మూడు దారులు. ఒకటి, కంపెనీకి ఫోన్ చేసి పబ్లిక్ లేదా స్టాటిక్ ఐపీ అడగడం. చాలా కంపెనీలు ఇస్తాయి, దానికి వేరే ఛార్జ్ ఉంటుంది. కొన్ని బిజినెస్ ప్లాన్ తీసుకోమంటాయి.

రెండు, ఐపీవీ6. నా దృష్టిలో అసలు పరిష్కారం ఇదే. ఇందులో అడ్రస్‌లు 128 బిట్లు. ఇంట్లో ప్రతి బల్బుకీ ఒకటి ఇచ్చినా అయిపోవు. 2016 సెప్టెంబర్‌లో జియో మొదలైనప్పటి నుంచి మన దేశం ఐపీవీ6 వాడకంలో ప్రపంచంలో ముందు వరుసలో ఉంది. మీ మొబైల్ నెట్‌కి బహుశా ఇప్పటికే ఐపీవీ6 ఉంది. ఇంటి ఫైబర్‌కీ ఉంటే, వాచ్‌మన్‌తో పనిలేకుండా నేరుగా కనెక్ట్ అవ్వొచ్చు. రెండు చిక్కులున్నాయి. మీరున్న చోట ఐపీవీ4 మాత్రమే ఉంటే కుదరదు. ఇంకా పెద్ద చిక్కు, ఇంట్లో రౌటర్ ఫైర్‌వాల్ బయట నుంచి వచ్చేదాన్ని ఆపేస్తుంది. ఆపడం కరెక్టే. కానీ ఒక్క వైర్‌గార్డ్ పోర్ట్ తెరిచే ఆప్షన్ కంపెనీ ఇచ్చిన రౌటర్లలో కొన్నింటిలో కస్టమర్‌కి కనిపించదు. తాళం వేయడం సెక్యూరిటీ. ఇంటి ఓనర్‌కి తాళంచెవి ఇవ్వకపోవడం సెక్యూరిటీ కాదు.

మూడు, టెయిల్‌స్కేల్, జీరోటైర్ లాంటివి. రెండు వైపులా లోపల నుంచి బయటికి వచ్చి మధ్యలో కలుస్తాయి కాబట్టి సీజీనాట్ ఉన్నా పనిచేస్తాయి. టెయిల్‌స్కేల్ లోపల ఉన్నది వైర్‌గార్డే. ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే పాత ల్యాప్‌టాప్ గానీ రాస్ప్‌బెర్రీ పై గానీ ఉంటే అరగంట పని. ఈ రోజుకి అచ్యుతాపురంలో చాలామందికి నేను చెప్పే సలహా ఇదే. కానీ పరిచయం చేసే పని ఇంకో కంపెనీ సర్వర్‌దే అని మర్చిపోవద్దు. వాళ్ల రూల్స్ మారితే మీ దారి మారుతుంది.

"మామూలు జనానికి ఇదంతా ఎందుకు?"

ఈ మాట ఎక్కువగా వింటాం. పదిలో తొమ్మిది మంది వాడరు, తెరిస్తే రిస్క్, మూసి ఉంచడమే సేఫ్ అంటారు. దీంట్లో సగం నిజం ఉంది. తలుపు పెట్టాక దాన్ని చూసుకోవాలి. 2021 మేలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ అనే పెద్ద పెట్రోల్ పైప్‌లైన్ ఆగిపోయింది. దాడి చేసినవాళ్లు లోపలికి వచ్చింది ఒక పాత వీపీఎన్ అకౌంట్ ద్వారా. పాస్‌వర్డ్ ఎక్కడో లీక్ అయింది, రెండో చెక్ లేదు, వాడని అకౌంట్ తీసేయలేదు. అంటే వీపీఎన్ మంత్రం కాదు. అందుకే పాస్‌వర్డ్ కాకుండా తాళంచెవులు, ఒక్కొక్కరికీ వేరుగా, వాడనివి వెంటనే తీసేయాలి అంటున్నా.

మిగతా సగం మాత్రం తప్పు. మూసి ఉంచడం వల్ల జనం ఆగలేదని పైన చూశాం. కెమెరా పాస్‌వర్డ్ మార్చకుండా పోర్ట్ తెరిచారు, లేదా తాళంచెవి పక్కింటికి ఇచ్చారు. బైక్ మీద ఎలాగూ వెళ్తారని తెలిసి హెల్మెట్ అమ్మకుండా ఉంటే ఎవరికి లాభం?

సెజ్‌లో పనిచేసే కుర్రాళ్లకి ఇంకో మాట. మీ ప్లాంట్‌లోనూ ఇదే ప్రశ్న ఉంటుంది. మెషీన్ అమ్మిన కంపెనీ వాళ్లు పుణె నుంచో జర్మనీ నుంచో కంట్రోలర్‌లోకి వచ్చి సరిచేస్తామంటారు. డయల్-అప్ రోజుల్లో జాగ్రత్త తెలిసిన ఇంజినీర్లు మోడెమ్ వైరు పీకి ఉంచేవారు. వెండర్ ఫోన్ చేస్తే తగిలించడం, పని అవ్వగానే మళ్లీ పీకేయడం. ఈ రోజు కూడా అదే రూల్. దారి అవసరమైనప్పుడే తెరవాలి, ఎవరు వచ్చారో లాగ్ ఉండాలి, పని అవ్వగానే మూసేయాలి. ఇంట్లో నేర్చుకున్న ఉత్సాహంతో ఫ్యాక్టరీ నెట్‌వర్క్‌కి సొంతంగా 4జీ డాంగిల్ తగిలించి వీపీఎన్ పెట్టడం మాత్రం చేయకండి. ఇంట్లో తప్పు జరిగితే కెమెరా ఆగుతుంది. అక్కడ బాయిలర్ దగ్గర మనుషులుంటారు. మీకు వచ్చిన ఐడియాని మీ ఐటీ వాళ్లకి చెప్పి, పర్మిషన్‌తో చేయించండి. ఇంట్లో వైర్‌గార్డ్ సెట్ చేసి అర్థం చేసుకున్న కుర్రాడికి ఆ మీటింగ్‌లో మాట్లాడే అర్హత ఉంటుంది.

"వీపీఎన్ పెడితే కేసు అవుతుందా?" అని కూడా కొందరు అడుగుతారు. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో కస్టమర్ల వివరాలు ఐదేళ్లు ఉంచాలన్నది జనానికి వీపీఎన్ సర్వీస్ ఇచ్చే కంపెనీలకి. మీ ఇంటికి మీరు వెళ్లడానికి పెట్టుకున్న టనెల్ ఎవరికో అమ్మే సర్వీస్ కాదు.

ఎవరు ఏం చేయాలి

నెట్ కంపెనీలు ప్రతి ఫైబర్ కనెక్షన్‌కీ ఐపీవీ6 ఇవ్వాలి. వాళ్లిచ్చే రౌటర్‌లో కస్టమర్‌కి ఫైర్‌వాల్ పేజీ కనిపించాలి. పబ్లిక్ ఐపీ కావాలంటే ఎంతో, ఎలా అడగాలో వెబ్‌సైట్‌లో ప్లాన్ ధర పక్కనే రాయాలి. కాల్ సెంటర్‌లో ముగ్గురి చేతులు మారాక చెప్పే సమాధానం కాకూడదు.

రౌటర్ కంపెనీలు బాక్స్ మీద "వీపీఎన్ సపోర్ట్" అని గోడ మీద పిల్లిలా రాయడం మానేసి, సర్వర్ ఉందా లేదా, ఏ రకం, దాని స్పీడ్ ఎంత అని రాయాలి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఫోన్‌లో సెట్ అయిపోయేలా ఉండాలి.

రివ్యూ రాసేవాళ్లు, చదివేవాళ్లు కూడా మారాలి. రౌటర్ రివ్యూలో ఒక లైన్ తప్పనిసరిగా ఉండాలి: మొబైల్ డేటా మీద ఉన్న ఫోన్ నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి వెళ్లడానికి ఎన్ని నిమిషాల సెటప్, ఎంత స్పీడ్. ఆ లైన్ లేకపోతే కామెంట్‌లో అడగండి. పది మంది అడిగితే పదకొండో రివ్యూలో వస్తుంది.

ఈ పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు ఒక గంట దీనికి పెట్టండి. ముందు వ్యాన్ ఐపీ చూడండి. కెమెరా కోసం ఎవరో తెరిచిన పోర్ట్ ఉంటే మూసేయండి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత మీ పరిస్థితిని బట్టి వైర్‌గార్డ్ లేదా టెయిల్‌స్కేల్ పెట్టి, వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద ఒకసారి టెస్ట్ చేయండి. బస్సెక్కాక కాదు, ఇంట్లో ఉండగానే. ఎందుకంటే మధ్యలో ఏదైనా తేడా వస్తే, సరిచేయడానికి ఆ రౌటర్ పక్కన ఉండాల్సింది మీరే.